మెసొపొటేమియా ఫైలు

రెండు వేల మూడులో సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో నాకు నాలుగు కంప్యూటర్ల నెట్ సెంటర్ ఉండేది. విజయనగరం నుంచి వచ్చి కంప్యూటర్ కోర్సు చేసినా ఉద్యోగం రాక పెట్టుకున్న దుకాణం అది. ఊరంతా సాఫ్ట్‌వేర్ అని పరుగెడుతుంటే నేను పొద్దస్తమానం స్కూలు పిల్లల ప్రాజెక్టులకు ప్రింట్లు తీస్తూ కూర్చునేదాన్ని. ఆ పనంటేనే విసుగు పుట్టింది.

మా వీధి టైలర్ కూతురు శ్రావణి తొమ్మిదో తరగతి. సోషల్ టీచరు ప్రాచీన నాగరికతల మీద ప్రాజెక్టు ఇస్తే, ఎక్కడో విదేశంలో టీచర్లు పిల్లల కోసం పెట్టిన చరిత్ర వెబ్‌సైట్ తెరిచి మూడు సాయంత్రాలు కూర్చుంది. ఒక్కో పేజీ తెరుచుకునేసరికి ప్రాణం విసిగిపోయే రోజులవి. మెసొపొటేమియా పిల్లలు తడి మట్టి పలకల మీద అక్షరాలు దిద్దేవారట. అదంతా చదివి, ఒక్క వేలితో టైపు చేసుకుంటూ నాలుగు పేజీలు సొంతంగా రాసింది. ఫైలు మా కంప్యూటర్‌లోనే సేవ్ చేసి, అంటే దాచుకుని, ప్రింటు తీసుకుని వెళ్లింది.

మర్నాడు అదే క్లాసు పిల్లలు ఒకరి వెనక ఒకరు దిగారు.

"అక్కా, రేపే ఇయ్యాలె. ఏదన్న రెడీగ ఉందా?"

కూర్చుని వెతికిపెట్టే ఓపిక నాకు లేదు. తెర మీద ఎదురుగా ఆ ఫైలే కనబడింది. పేర్లు మార్చి ఏడుగురికి ప్రింట్లు ఇచ్చేశాను. అది ఎవరిదో నాకు తెలుసు.

రెండు రోజులకు శ్రావణి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"టీచర్ ఎనిమిది మందికి సున్నా ఏసిండ్రు అక్కా. నా ఫైల్ ఎవరికన్న ఇచ్చినవా?"

"ఒక్క ప్రాజెక్టే కదమ్మా" అన్నాను, సిగ్గులేకుండా.

"మూడు రోజులు కూసున్న. నేను సుత కాపీ కొట్టిన అని అందరి ముందల అన్నరు." ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆ మర్నాడు దుకాణం మూసి బడికి వెళ్లాను. నోట్సుల దొంతర ముందు కూర్చున్న టీచరమ్మకు జరిగినదంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"పిల్లలే చేస్తున్నారనుకుని ఇన్నాళ్లూ మార్కులు వేస్తున్నానండీ" అంది నీరసంగా. "ఈ మాట కాగితం మీద రాసిస్తారా?"

రాసి సంతకం పెట్టాను. ఆవిడ నన్ను క్లాసుకు తీసుకెళ్లి, అందరి ముందూ అది చదివి, శ్రావణి మార్కులు దిద్దింది. మిగతా ఏడు సున్నాలు అలాగే ఉండిపోయాయి. సాయంత్రం ఒక తల్లి దుకాణానికి వచ్చింది.

"మా పోరనికి నువ్వే ఇస్తివి, నువ్వే పోయి చెప్తివి. ఏందమ్మా గిది?"

ఆమె అన్నదీ నిజమే. తలొంచుకుని విన్నాను.

తర్వాతి ప్రాజెక్టుకు శ్రావణి మళ్లీ వచ్చింది. నా ప్రాణం కుదుటపడింది. పని అయ్యాక తను కొని తెచ్చుకున్న ఫ్లాపీలోకి ఫైలు ఎక్కించుకుంది. మా కంప్యూటర్‌లోది తీసేసింది. తీసేసినవి వెళ్లి పడే రీసైకిల్ బిన్ కూడా తెరిచి ఖాళీ చేసింది.

"నేనింక ఎవరికీ ఇవ్వనులే అమ్మా" అన్నాను.

"తెలుసక్కా" అంది, ఫ్లాపీ సంచిలో వేసుకుంటూ.

నేను చెప్పిన నిజంతో ఆ పిల్ల మార్కులు తిరిగొచ్చాయి. నమ్మకం రాలేదు. అలసిపోయానన్న సాకుతో నేను పంచిపెట్టింది నా కష్టం కాదని ఆ రోజు బాగా తెలిసింది.