గంజి అంటని బొంత

ఆ ఇంటికి ఆదెమ్మ ఇరవై దాకా బొంతలు కుట్టింది. అన్నీ పశువుల కొట్టం ముందు, తానే పేడనీళ్ళతో అలికిన నేల మీద పరిచి కుట్టినవే. లోపల మండువాలో నున్నటి నాపరాళ్ళు ఉన్నాయి. పొరలు ముడత పడకుండా పరవడానికి ఊళ్ళో అంతకన్నా మంచి చోటు లేదు. ఆ సంగతి ఆదెమ్మకూ తెలుసు, ఆసామి గోపాలకృష్ణయ్య గారి భార్య వరలక్ష్మమ్మకూ తెలుసు. ఈమె అడగలేదు, ఆమె రమ్మనలేదు. బొంత పూర్తయ్యాక ఆదెమ్మ చూస్తుండగానే దాని మీద పసుపునీళ్ళు చిలకరించి లోపలికి తీసుకుపోతారు. ఆదెమ్మ సూదిని కొంగుకు గుచ్చుకుని ఇంటిదారి పడుతుంది.

గురజాలకు ఐదు మైళ్ళ అవతల, ఊరికి దూరంగా విసిరేసినట్టుండే పల్లె ఆమెది. అంతా కిరస్తానం పుచ్చుకున్న కూలి జనం. ఆదెమ్మకు యాభై దాటాయి. మిరపకోతల్లో వంగి వంగి మోకాళ్ళు పోయాయి. కూర్చుని చేసుకోగలిగే పని ఈ బొంతలే. ఊళ్ళో మరో నాలుగిళ్ళవాళ్ళు పిలుస్తారుగాని, అది పెద్దింటివాళ్ళు పిలుస్తున్నారు గనుక. వీళ్ళు వద్దంటే వాళ్ళూ వద్దంటారు.

ఈ ఏడే, పంతొమ్మిది వందల నలభై నాలుగు చలికాలంలో వరలక్ష్మమ్మ కూతురు పురుడు పోసుకుంది. బారసాల నాటికి ఉయ్యాలలోకి మెత్తటి బొంత కావాలని ఆదెమ్మకు కబురొచ్చింది. దూదేకుల ఖైరున్నీసా ఏకిన దూది తెచ్చింది. ఆమె అరుగు మీద కూర్చుంది. ఆదెమ్మ కింద మట్టిలో కూర్చుంది.

"ఏంది వదినా, ఈసారి పొరలు దేంతో నిలబెడతావు? గాలి చూస్తే దూదిని మాచర్ల దాకా మోసుకుపోయేట్టుంది," అంది ఖైరున్నీసా.

కుట్టు మొదలుపెట్టే ముందు అడుగు చీర, దూది, పై చీర మూడూ జరగకుండా కలిపి పట్టుంచాలి. అక్కడ తప్పితే బొంత ఎక్కడికక్కడ ఉండలు కడుతుంది. దానికి మూడు దారులున్నాయి. జానెడేసి పొడుగు టాకాలు వేసి, కుట్టంతా అయ్యాక పీకెయ్యడం ఒకటి. దానికి దారం కావాలి. యుద్ధం వచ్చి గుడ్డతో పాటు దారమూ కంట్రోలుకెక్కింది. వరలక్ష్మమ్మ ఇచ్చిన ఉండ అసలు కుట్టుకే చాలీచాలదు. రెండోది, పల్చటి గంజి చిలకరించి పొరలు అంటించడం. దారం అక్కర్లేదు, గాలికి లేవదు, ఒక్క ఉతుకుతో గంజి పోతుంది. మూడోది తుమ్మముళ్ళు గుచ్చడం.

ఆదెమ్మ లేచి దొడ్డి గుమ్మం దగ్గరికెళ్ళి నిలబడింది.

"అమ్మగారూ, గిన్నెడు గంజి పోయిస్తే అంటించి కుట్టేస్తాను. బిడ్డ బొంత, ముళ్ళెందుకులెండి."

"గంజి ఉడికిందే గదే. ఉడికింది నీ చెయ్యి తగిలాక పక్కలోకెట్టా వస్తది? గుడ్డంటే నీళ్ళు చల్లుకుంటాం," అంది వరలక్ష్మమ్మ. కోపంగా కాదు. పప్పులో ఉప్పు ఎంతో చెప్పినట్టే చెప్పింది.

"దారమన్నా ఇంకో ఉండ..."

"ఊరంతా వెతికినా లేదు. ముళ్ళకేం కరువు? కంచె నిండా ఉన్నయ్‌గా."

ఆదెమ్మ తిరిగొచ్చి కూర్చుంది. ఖైరున్నీసా చెయ్యి అడ్డంపెట్టుకుని నవ్వింది. "నేనేకిన దూది పనికొచ్చింది, నువ్వు పరిస్తే పనికొచ్చింది, గంజి మాత్రం మైలపడిందా? మీ ఏసుప్రభువునడుగు, ఇదేం లెక్కో."

"ఆయనకి ఇయ్యన్నీ ఏడ తెలుసు వదినా," అంది ఆదెమ్మ.

పొడుగాటి ముళ్ళు నలభై ఏరి గుచ్చింది. మూడు రోజులు కుట్టింది. బారసాలకు ముందు రోజు పొద్దున ముళ్ళు పీకుతుంటే ఒకటి మొన లేకుండా వచ్చింది. చుట్టుపక్కల నేలంతా వెతికింది. లేదు. విరిగింది లోపలే.

ఆ సంగతి ఎవరూ చూడలేదు. మడతపెట్టి ఇచ్చేస్తే ఆ పూటకు పని అయిపోయేది. ఆదెమ్మ కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

దూదిని పోచపోచగా విడదీసింది. అరిచేతులు కాయలు కాసిపోయాయి, ముల్లు తగిలినా తెలియదు. అందుకని దూదికి చెంప ఆనించి జరుపుకుంటూ వెతికింది. పొద్దు వాలేవేళ దవడ కింద చురుక్కుమంది. వడ్లగింజంత మొన. దాన్ని తీసి అవతల పారేసి, మళ్ళీ దూది పరుచుకుని, విప్పిన దారంతోనే రాత్రంతా కుట్టింది.

మర్నాడు బొంత పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి బిడ్డను ఉయ్యాలలో వేయడం, పేరు పెట్టడం, భోజనాలు అన్నీ అయిపోయాయి.

"ఏమే, నిన్న ఇస్తానన్నదానివి," అంది వరలక్ష్మమ్మ.

"ముల్లు మొన లోపల విరిగిందమ్మా. విప్పి తీశాను."

వరలక్ష్మమ్మ మొహం మారింది. "పసిగుడ్డు బొంతలో ముల్లు పెట్టావా?"

బొంత లోపలికి పోలేదు. పాలేరు జక్కయ్యకిచ్చి కొట్టంలో వేయించారు. అది ఇప్పుడు కొత్తగా పుట్టిన దూడ కింద ఉంది. మళ్ళీ ఆ ఇంటి నుంచి కబురు లేదు. మిగిలిన నాలుగిళ్ళవాళ్ళూ మానుకున్నారు.

"మొన దొరికిందిగా. సుస్తీ చేసిందని చెప్తే పోయేది గదా," అని ఖైరున్నీసా తిట్టింది.

"అంత తోచలా వదినా. నిద్ర లేదు," అంది ఆదెమ్మ.

ఆదెమ్మ మంచిదని చెప్పి ఊరుకోవడానికి ఇది రాయలేదు. బిడ్డకు ముల్లు తగిలే ప్రమాదం తెచ్చింది ఆమె చెయ్యి కాదు, ఆ చేతికి గిన్నెడు గంజి అందనివ్వని ఆచారం. దాన్ని పాటించేది మనం. చదువుకున్నవాళ్ళం కూడా.

గురజాల, నరసరావుపేట తాలూకాల్లో ఇది చదివేవారిని ఒకటి అడుగుతున్నాను. మీ ఇంట్లో పాత చీరలుంటే ఆదెమ్మను పిలవండి. మండువాలో పరుచుకోమనండి. గంజి మీ కుండలోదే పోయండి. నీళ్ళు చల్లకండి. మీవాళ్ళు గొణిగితే జవాబు మీరే చెప్పండి, ఆమె చేత చెప్పించకండి. గురజాలలో దిగి కిరస్తానీ పల్లె ఎటని అడిగితే ఎవరైనా చూపిస్తారు. అక్కడి ప్రార్థన గుడి వెనక రెండో పాక. ఆమె చూపు మసకబారుతోంది, సూదిలోకి దారం ఎక్కించడానికి నాలుగైదుసార్లు తడుముకుంటోంది. ఈ చలి పోకముందే వెళ్ళండి.