గద్వాల గడియారం ముందుంది

నేను బతికించిన మనిషి కంప్యూటర్ తెర మీద మళ్లీ చనిపోయాడు. మా పేపర్ నాగర్‌కర్నూల్ ఆఫీసులో పేజీలు పెట్టే అతను ఫోన్లో కేకేశాడు.

"అన్నా, మేస్త్రీ బతికిండని చెప్తివి. గీడ ఇంకా మృతి అనే ఉన్నది. ఏంది గిది?"

"ఇప్పుడే మార్చిన గదనే!"

"మార్చినవ్. వచ్చింది. మళ్ల పాతదే అయి కూసుంది."

మేస్త్రీది మానవపాడు దగ్గరి పల్లె. పుణెలో స్లాబు కింది సెంట్రింగ్ కూలిపోయి ఆయన చనిపోయాడని మా గద్వాల విలేకరి రాశాడు. సాయంత్రం ఆయన భార్య వనపర్తి ఆఫీసులో ఉన్న నాకు ఫోన్ చేసింది. "నా మొగుడు దవాఖానల ఉన్నడు సారూ. పోయినోడు వేరేటోడు. పేపర్ల గట్ల చూస్తే మా అత్త పానం ఆగదు." ఆమె ఇచ్చిన నంబరుకు చేసి మేస్త్రీ గొంతు నేనూ విన్నాను. వెంటనే వార్త మార్చాను. అది నిలబడలేదు.

ప్రతి వార్తా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు ఊళ్ల మా కంప్యూటర్లలోనూ ఉంటుంది. ఒకచోట మారిస్తే మిగతా రెండు చోట్లకూ పోతుంది. ఒకే వార్తకు రెండు ప్రతులు ఎదురుపడితే, ఏ ప్రతి మీద సమయం తర్వాతిదైతే దాన్నే కంప్యూటర్ ఉంచుతుంది. ఈ ఏర్పాటు చూసే ఇంజనీరమ్మకు ఫోన్ చేస్తే, ముందు గద్వాల విలేకరిని లైన్లోకి పిలవమంది.

"మీ కంప్యూటర్ల టైం ఎంతయింది సార్?"

"మాది జర ముందుకే పెట్టుకుంటం మేడం, పేజీ లేట్ కావద్దని. గోడ గడియారం ముందే, కంప్యూటరూ ముందే."

"అయితే రేపటి వార్తలు గిట్ల వచ్చినయా మీకు?"

అంత ఆత్రంలోనూ నవ్వాగలేదు. నేను సవరించింది తర్వాతే అయినా, గద్వాల ప్రతి మీద ఇంకా రాని సమయం పడి ఉంది కనుక అదే నిలిచింది. తిడుతూ కూర్చునే వ్యవధి లేదు. సవరణ నువ్వే కొట్టమని గద్వాల విలేకరికి చెప్పాను. ఆ తొందర గడియారం ముద్రే ఈసారి మమ్మల్ని కాపాడింది.

"వచ్చిందన్నా! కదుల్తలేదు!" నాగర్‌కర్నూల్ నుంచి అరుపు.

తర్వాత ఇంజనీరమ్మ పద్ధతే మార్చేసింది. ఇప్పుడు గడియారాన్ని అడగరు. ప్రతి సవరణ తాను ఏ ప్రతిని చూసి పుట్టిందో గుర్తు వెంట తెచ్చుకుంటుంది. గద్వాలది చూసి నేను దిద్దితే నాదే తర్వాతది, గోడ మీద ఎంతయినా కానీ. ఏళ్ల తరబడి ప్రతి కాగితం మీదా సమయం వేసిన నాకు, వరుస తేల్చడానికి సమయమే అక్కర్లేదంటే ఒళ్లు పులకరించింది.

మేస్త్రీ కర్ర పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆయన పక్కన నిజంగా చనిపోయిన మనిషి గురించీ రాశాం. అప్పుడు ఆఫీసుల మధ్య లైన్లు తెగి ఉన్నాయి. అతనిది రాయచూరు వైపని గద్వాలలో, అచ్చంపేట వైపని నాగర్‌కర్నూల్‌లో దిద్దారు. ఒకరిది ఒకరు చూడలేదు కనుక ఏది ముందో, ఏది తర్వాతో చెప్పే గుర్తు లేదు. లైన్లు కలిశాక కంప్యూటర్ రెండు ప్రతులనూ ఉంచింది. అతనిది ఏ ఊరో ఇప్పటికీ తేలలేదు.