చుక్క దూరని పట్ట

1964 ఫిబ్రవరి 23, ఆదివారం, మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషాలు. ఆగ్నేయం నుంచి తడిగాలి; ఆకాశంలో సగానికి పైగా మబ్బు. పర్చూరు దగ్గర మా అత్తగారి మిరప కల్లంలో ఆ నిమిషాన నేను ఆరంభించిన ఘనకార్యం, ఒక్క చినుకైనా పడకుండానే పంటను ఎలా ముంచిందో మనవి చేస్తాను. వివరాలన్నీ నా డైరీలో ఉన్నాయి గనుక తప్పించుకునే దారి లేదు.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. ఆ ఊరి బడిలోనే లెక్కల మాస్టారిని. వాన కొలిచే గాజు గొట్టం చెబితే తప్ప వాన పడిందని ఒప్పుకునేవాణ్ణి కాను. మా అత్తగారు వెంకాయమ్మ గారి కాయలో పన్నెండేళ్లుగా తాలు లేదని గుంటూరు దాకా పేరు. తాలంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ఆవిడ ఎదుట ఆ మాట పలకడమే అపచారం. ఆ ఏటి కోత నలభై రెండు గంపల పండుకాయ కల్లంలో పరిచి ఉంది. పైన మబ్బు.

ముందురోజే గుంటూరులో ప్లాస్టిక్ పట్ట చూశాను. దుకాణదారు మస్తాన్ గారు దాన్ని విప్పి పట్టుకున్నారు. గాజులా అవతలి మనిషి కనిపిస్తున్నాడు, చీరలా మడత పడుతోంది!

"దేంతో చేస్తారండీ?"

"భూమిలోంచి తోడే నూనెతోనంట మాస్టారూ! ఎరువు బస్తా లోపలి పొర, కరెంటు తీగ మీద తొడుగు, పిల్లల బొమ్మలు, అన్నీ ఆ నూనె బిడ్డలే. మీ లాంతర్లో కిరసనాయిలుకి చెల్లెలనుకోండి!"

ముందుజాగ్రత్త నా జబ్బు. రెండు కొన్నాను.

కల్లంలో పరీక్ష పెట్టాను. పట్ట కింద పాత పత్రిక, పైన చెంబెడు నీళ్లు. అరగంట తర్వాత కూడా కాగితం పొడిగానే ఉంది. నా ఒళ్లు పులకరించింది.

"చూశారా అత్తయ్యగారూ! ఎండ లోపలికి వస్తుంది, వాన రాదు. పగలూ రాత్రీ కప్పే ఉంచుదాం."

ఆవిడ పట్ట అంచు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "కాయకి కిరసనాయిలు వాసన పట్టదు గదా?"

పాతికేళ్లుగా ఆ కల్లంలో కాయలు ఎండబెడుతున్న మరియమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "మాస్టరుగారూ, కాయకి గాలాడాలండి. గోనెపట్టయితే ఊపిరాడిద్ది. ఇది పీక నొక్కినట్టుందండి."

"గాలికి కొలత చెప్పు మరియమ్మా, ఆలోచిస్తాను."

"కొలతేందండీ? మీరే కాసేపు ముసుగేసుకుని కూర్చోండి, తెలిసిద్ది!"

అత్తగారు నవ్వారు. నేను నవ్వలేదు, అంచుల చుట్టూ ఇరవై నాలుగు రాళ్లు పెట్టించాను.

సోమవారం ఉదయం ఏడింటికి పట్ట లోపలివైపు నీటిబొట్లు! గొట్టంలో మాత్రం వాన సున్నా. చదువుతున్న మీరైతే ఏం చేస్తారు? పట్ట ఎత్తి చూస్తారు. నేను డైరీ ఎత్తాను. "మంచు దూరింది" అని రాసుకుని, రెండో పట్ట తెచ్చి మొదటిదాని మీద కప్పాను.

మంగళవారానికి బొట్లు రెట్టింపయ్యాయి.

"అల్లుడు గారూ, లోపల చినుకులు పడుతున్నయ్యేంటండీ?"

"అదే అద్భుతం అత్తయ్యగారూ! ఆకాశం లేకుండా వాన!"

ఎండకు మెరుస్తున్న ఆ బొట్ల వరసలకు, అబద్ధమెందుకు, చేతులు జోడించాను.

బుధవారం పొద్దున మరియమ్మ ఎవరినీ అడగలేదు. రాళ్లు పక్కకు తన్ని రెండు పట్టలనూ లాగేసింది. ఇడ్లీపాత్ర మూత తీసినట్టు ఆవిరి లేచింది. వెనకే బూజు వాసన.

"ఇది మంచూ కాదు, వానా కాదమ్మగారూ. కాయ చెమట! పోయే దారి లేక మళ్లీ కాయ మీదే కారింది."

అత్తగారు ఒక కాయ తీసి చూశారు. మెత్తబడి, తెల్లబారి ఉంది. దాన్ని నా చేతిలో పెట్టారు. నెమ్మదిగా అడిగారు: "పైచుక్క లోపలికి పోదని పరీక్ష చేశారు. లోపలి చుక్క బయటికి వచ్చుద్దో లేదో చూశారా?"

"చెంబు... పైనే పెట్టానండీ."

ఆ క్షణమే వానగొట్టం మీద చెయ్యి వేసి, తూర్పుకు తిరిగి ప్రమాణం చేశాను: మరియమ్మ సమ్మతి లేనిదే తడి ఉన్న ఏ పదార్థాన్నీ ఈ జన్మలో కప్పను. నేటికీ మా ఇంట్లో పచ్చడి గిన్నె మీద మూత ఓరగానే ఉంటుంది. పట్ట మీద మాత్రం నా గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు. అది తన పని తాను చేసింది.

నాలుగు రోజుల వాన సున్నా. రెండు పట్టల్లో చిల్లులు సున్నా. నలభై రెండు గంపల్లో తాలు ముప్పై ఒక్క గంప.