పిల్లికి సెలైన్ ఎక్కించిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లికి జరిగిన మర్యాద నాకు జరగలేదు. లాల్‌దర్వాజాలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. మా బాపు తెల్లారకముందే పూల మార్కెట్‌కు వెళ్లి గంపెడు పూలు తెచ్చేవాడు. మా అమ్మ గడప పక్కన కూర్చొని దండలు కట్టి అమ్మేది. గంపల్లో ఎలుకలు చేరకుండా ఒక బూడిదరంగు పిల్లిని పెంచారు. దానితో ఎంత అవసరం ఉన్నా, బాపు బయలుదేరేటప్పుడు మాత్రం అది ఎదురు రాకూడదని మా నాయనమ్మ పట్టుదల. అందుకని రోజూ ఆ వేళకు నన్ను నిద్రలేపి, పిల్లిని ఒళ్లో పెట్టేవారు. బాపు సందు మలుపు తిరిగేదాకా దాన్ని పట్టుకొని కూర్చోవడం నా ఉద్యోగం. మొదట్లో తిట్టుకుంటూ చేసినా, పోనుపోను ఆ వెచ్చదనం లేనిదే నాకు తెల్లవారేది కాదు.

నాకు పదేళ్లప్పుడు, ఒక ఎండాకాలం, దానికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఎండిపోతోంది కదా, నీళ్లు పడితే చాలనుకున్నాను. తమ్ముడి ఉగ్గుగిన్నె తీసుకొని, దాని నోరు తెరిచి పాలు కొన్ని, నీళ్లు కొన్ని పోశాను. పోసినదానికి రెట్టింపు కక్కింది. మళ్లీ పోశాను. ప్రేమ ఉన్నచోట తెలివి కూడా ఉండాలని ఎక్కడుంది? మూడోనాటికి ఒళ్లో పెట్టుకున్నా అది తల నిలపలేదు.

పక్కింటి కాంపౌండర్ మామ పశువుల దవాఖానలో పనిచేసేవాడు. మనిషికి మాట తక్కువ, బీడీ ఎక్కువ. ఆ పొద్దున డ్యూటీకి వెళ్తూ మా గడప దగ్గర ఆగి, పిల్లి మెడ మీది తోలును రెండు వేళ్లతో పట్టి లేపి వదిలాడు. లేచిన తోలు లేచినట్టే నిలబడి, చాలాసేపటికి గానీ కిందికి దిగలేదు. ఒంట్లో నీళ్లు అయిపోయాయనీ, ఇక నోట్లో పోస్తే నిలవవనీ చెప్పి, దాన్ని పూల గంపలోనే పడుకోబెట్టించి, నన్ను వెంట రమ్మన్నాడు. పిల్లికి కూడా దవాఖానా అని నాయనమ్మ నోరు నొక్కుకుంది. ఆ రోజు ఆమె మాట ఎవరూ వినలేదు.

డాక్టరు చూసి సెలైన్ పెట్టమన్నాడు. మామ గాజుసీసాను వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచి, మణికట్టుకు ఆనించి చూసుకొని, కిటికీ ఊచకు వేలాడదీశాడు. ముందుకాలి మీద బొచ్చు గొరిగి, పసిపిల్లలకు వాడే సన్నటి సూది గుచ్చి పట్టీ చుట్టాడు. ట్యూబుకున్న చిన్న చక్రాన్ని తిప్పి చుక్కల వేగం సరిచేశాడు. ఒక చుక్క రాలాక ఇంకోటి ఉబ్బి, ఊగి, రాలేదాకా నా ప్రాణం పోయి వచ్చేది. ఇంతలో బయట ఎవరిదో బర్రె ఈనలేక అవస్థ పడుతోందని కబురొస్తే, పిల్లి కాలు కదలకుండా చూడమని నాకు చెప్పి వెళ్లాడు.

సీసా చూస్తే నిండుగానే ఉంది. ఈ లెక్కన సీసా అయ్యేలోపు పిల్లే అయిపోతుందనిపించింది. చక్రం చేతికి అందేంత దూరంలోనే ఉంది. తిప్పాను. చుక్కలు ధారయ్యాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఎంతోసేపు లేదు. పిల్లి పక్కటెముకలు ఎగిరెగిరి పడసాగాయి. నోరు తెరిచి రొప్పుతోంది. కుక్కలు అలా రొప్పడం చూశాను గానీ, పిల్లి రొప్పగా అప్పటిదాకా చూడలేదు. చక్రం ఎటు తిప్పితే ఆగుతుందో భయంలో మరిచిపోయి, మామను కేకేశాను.

మామ తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చి చక్రం మూసేశాడు. డాక్టరు వచ్చి ఛాతీకి గొట్టం ఆనించి విని, సూదిమందు ఒకటి వేసి వెళ్లాడు. ఇద్దరూ నన్నేమీ అడగలేదు. జల్దీ బాగవుతుందని నేనే తిప్పానని నేనే చెప్పి, ఏడ్చాను. ఒక్క దెబ్బ వేసినా బాగుండుననిపించింది. మామ గంప అడుగున మిగిలిన రెండు వాడిన మల్లెమొగ్గలు ఏరి నా అరచేతిలో పెట్టాడు.

“పూలు వాడితే మీ అమ్మ ఏం చేస్తది బిడ్డా?”

“నీళ్లు చల్లుతది.”

“బిందె ఎత్తి ఎందుకు గుమ్మరియ్యది?”

ఆ జవాబు నాకు బాగా తెలుసు. అంతకుముందు ఒకసారి అమ్మ ఇంట్లో లేనప్పుడు, పూలు వాడుతున్నాయని గంపలో బిందెడు నీళ్లు కుమ్మరించాను. సాయంత్రానికి పూలన్నీ మురిగిపోయాయి, నా వీపు విమానం మోత మోగింది. మురుగుతాయని మెల్లగా గొణిగాను.

“గిది గూడ గంతే. పానం ఎంత పట్టుకుంటదో గంతే ఇయ్యాలె. మన ఫికర్ ఎంతుందో గంత గాదు.”

చాలాసేపు దాని ఛాతీ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. మెల్లగా రొప్పు తగ్గింది. మధ్యాహ్నానికి చక్రాన్ని మళ్లీ కొద్దిగా తెరిచాడు, మునుపటికన్నా నెమ్మదిగా. ఇక నన్ను బయటికి పంపిస్తాడనుకున్నాను. పంపించాల్సిందే కదా. ఆయన లేచి, నా స్టూలును ఆ చక్రానికి ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

“బర్రెను చూసొస్త. ఈడ నువ్వే ఉండాలె.”

వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. నేను కుడిచేతిని తొడ కింద పెట్టి, దాని మీద బరువంతా వేసి కూర్చున్నాను. చెయ్యి తిమ్మిరెక్కింది. చుక్కలు వాటి పాటికవి రాలాయి. ఆ మధ్యాహ్నం ఆయన నమ్మినంతగా నన్ను తర్వాత ఎవరూ నమ్మలేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంకో మూడు రోజులు దాన్ని గంపలో పెట్టుకొని దవాఖానకు తిప్పాం. నాలుగోనాడు తెల్లవారుజామున అది నా ఒళ్లోంచి జారి, గడప దాటుతున్న బాపుకు అడ్డంగా, తోక లేపి మరీ నడిచిపోయింది. అందరం నాయనమ్మ వైపు చూశాం. “మంచిగైంది గద. పో కొడుకా,” అంది ఆమె. బాపు ఆగకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు జల్‌పల్లిలో మా కొడుకు ఇంట్లో ఉంటున్నాను. మొన్న మా మనవరాలి కుక్కపిల్లకు వాంతులైతే క్లినిక్‌లో సెలైన్ పెట్టారు. చుక్కల సంగతి చూసుకోవడానికి చిన్న మిషను ఉంది, తేడా వస్తే అదే కూత పెడుతుందట. అయినా మనవరాలు జల్దీ ఎక్కించమని డాక్టరును మూడుసార్లు అడిగింది. నేను కుక్కపిల్ల పక్కనున్న నా కుర్చీలో మనవరాలిని కూర్చోబెట్టి, బయట ఉంటానని లేచి వచ్చాను. వరండాలో బల్ల మీద కూర్చున్న కాసేపటికి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయేమిటా అని చూసుకుంటే, నా కుడిచెయ్యి తొడ కింద ఉంది.