విమానం తోకలోకి మళ్ళీ దూరిన సంగతి

1943 వేసవిలో బెంగళూరులోని ఒక విమాన మరమ్మతు కర్మాగారంలో, రివెట్ విభాగంలో సహాయకుడిగా చేరాను. యుద్ధంలో దెబ్బతిన్న విమానాలు బాగుచేయించుకోవడానికి అక్కడికి వచ్చేవి. మాది ముళబాగిలు దగ్గర పల్లె. మనిషిని పొట్టి, బక్క. పెళ్ళిచూపుల్లో పెదవి విరిపించిన ఆ ఒళ్ళే ఉద్యోగంలో పనికొచ్చింది. ఫోర్‌మన్ నన్ను ఎగాదిగా చూసి, చదువేమిటని కూడా అడక్కుండా తీసుకున్నాడు.

ఎందుకో తెలియాలంటే మా పని తీరు తెలియాలి. విమానం పైరేకులను రివెట్లతో, అంటే తలవున్న లోహపు మేకులతో బిగిస్తారు. బయట నిలబడ్డవాడు గాలితో నడిచే గన్‌తో రివెట్ తలమీద కొడతాడు. లోపలున్నవాడు దాని రెండో కొసకు ఒక ఉక్కు దిమ్మను అదిమిపెడతాడు. ఆ దెబ్బకు కొస అణిగి రేకులను పట్టేస్తుంది. ఆ దిమ్మను మేం డాలీ అనేవాళ్ళం. ఇద్దరికీ మధ్య రేకు అడ్డం, పైగా షెడ్డునిండా మోత. అందుకని లోపలివాడు రేకుమీద తట్టి సంగతి చెప్పాలి. ఒకసారి తడితే ‘కొట్టు’ అని. రెండుసార్లు తడితే ‘బాగా కూర్చుంది’ అని. మూడుసార్లు తడితే ‘చెడింది, పీకి వేరేది వెయ్యి’ అని. తోకభాగం పోనుపోను సన్నబడుతుంది. అందులోకి బోర్లా పాకగలిగిన వాళ్ళు మా విభాగంలో కొద్దిమందే.

బయట గన్ పట్టే నా జోడీ మునివెంకటప్ప. బెంగళూరు నగర్తపేటలో తరాలుగా ఉన్న నేతవాళ్ళ ఇంటివాడు, నాకంటే బాగా పెద్ద. అతనికి వేళాకోళం ఎక్కువ, చెయ్యి మాత్రం నిదానం.

లోపలికి వెళ్ళేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను తోకలోకి పోయే చిన్న తలుపు కొక్కేనికి తగిలించాలి. బిళ్ళ ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. షిఫ్టు అయ్యాక అదే బిళ్ళను టైమాఫీసులో ఇస్తేనే హాజరు పడుతుంది. ఒక సాయంత్రం గన్ మొరాయిస్తే, వేరేది తేవడానికి మునివెంకటప్ప స్టోర్సుకు వెళ్ళాడు. అంతలో షిఫ్టు ముగిసిన గంట కొట్టారు. మోతలో అది నాకు వినపడలేదు. పక్క జట్టులో ఒకతను, పాపం మంచివాడే, నేను బిళ్ళ మరిచిపోయి వెళ్ళాననుకున్నాడు. నాకు హాజరు పోకూడదని దాన్ని తీసుకెళ్ళి టైమాఫీసులో ఇచ్చేశాడు. తర్వాత వచ్చిన కాపలామనిషి, బిళ్ళ లేదు కదా అని తలుపు మూసి బిగించాడు. స్టోర్సు నుంచి ఆలస్యంగా తిరిగొచ్చిన మునివెంకటప్ప తెరిచేసరికి అరిచి అరిచి నా గొంతు పోయింది, గోళ్ళు చిట్లిపోయాయి.

మర్నాటినుంచి నేను స్నానాలగది తలుపు వేసుకోలేకపోయాను. దుప్పటి ముఖంమీదికి లాక్కోలేకపోయాను. విమానం తోక దగ్గరికి వెళితే చాలు, ఊపిరి అందేది కాదు. ఫోర్‌మన్ కోప్పడలేదు. స్టోర్సులో పెట్టెలు మోసే పనికి మారుస్తానన్నాడు. మారితే గన్ పట్టే రివెటర్ని అయ్యే ఆశ అంతటితో సరి. నాకు భయం ఎంత ఉందో ఉక్రోషమూ అంత ఉంది. ఇంత పని నేర్చుకున్నది పెట్టెలు మొయ్యడానికా? గడువు ఇమ్మని అడిగాను. నెలాఖరుదాకా ఇచ్చాడు.

షెడ్డు వెనక విరిగిన తోక ఒకటి తుక్కుగా పడివుండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మునివెంకటప్ప నన్ను అక్కడికి లాక్కెళ్ళేవాడు.

“లోపలికేం పోవద్దప్పా. తల పెట్టు, చాలు. నేను ఈడనే ఉండా,” అనేవాడు.

తల పెట్టేవాణ్ణి. కొన్నాళ్ళకు భుజాలదాకా వెళ్ళాను. కానీ భయం రాగానే వెనక్కి వచ్చేసేవాణ్ణి. అలా వచ్చేసిన ప్రతిసారీ మర్నాడు భయం ఇంకాస్త ముందే వచ్చేది. ఇది అయ్యే పని కాదనిపించింది.

ఒకరోజు నడుందాకా దూరాక చొక్కా ఒక బోల్టుకు తగులుకుంది. ముందుకూ వెళ్ళలేను, వెనక్కీ రాలేను. చచ్చాననుకున్నాను.

“కదలొద్దప్పా! చొక్కా చినిగితే మీ యమ్మ నన్ను తిడతాది,” అంటూ మునివెంకటప్ప నింపాదిగా విడిపిస్తున్నాడు. అతను విడిపించేలోపల భయం పెరిగి పెరిగి, తనంతట తానే తగ్గింది. నేను కదిలింది లేదు. అదే చీకటి, అదే ఇరుకు. ఆ సంగతి గమనించినప్పుడు నాకు పట్టలేనంత సంతోషం కలిగింది.

“ఊడింది. బయటికి రా,” అన్నాడు.

“ఉండన్నా, ఇంకొంచెంసేపుంటా,” అన్నాను.

“ఏమప్పా, ఆడనే కాపురం పెడతావా?” అని నవ్వాడు.

ఆనాటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. భయం పెరిగేటప్పుడు బయటికి రాను. తగ్గాకనే వస్తాను.

నెలాఖరున ఒక విమానం తోకకు అతుకు వెయ్యాల్సి వచ్చింది. ఫోర్‌మన్ స్వయంగా వచ్చి నిలబడ్డాడు. నేను బిళ్ళ తగిలించి లోపలికి పాకాను. పని సగంలో ఉండగా అదురుకు నా దీపం ఆరిపోయింది. భయం మొత్తం ఒక్కసారిగా వచ్చిపడింది. డాలీని ఛాతీకి ఆనించుకుని కదలకుండా పడుకున్నాను. బయట గన్ ఆగి, నా తట్టు కోసం కాచుకుంది. కాసేపటికి ఊపిరి కుదురుకుంది. వేళ్ళతో రివెట్ వెతికి, డాలీ అదిమి, ఒకసారి తట్టాను. గన్ మోగింది. కొసను బొటనవేలితో తడిమి చూస్తే పక్కకు ఒరిగివుంది. మూడుసార్లు తట్టాను.

దాన్ని పీకి, వేరేది వేసి, మిగిలినవన్నీ ముగించి బయటికొచ్చాను. ఫోర్‌మన్ స్టోర్సు మాట ఎత్తలేదు. నన్ను గన్ పనికి శిక్షణలో వేస్తున్నానన్నాడు. బయటపడాలన్న తొందరలో ఉన్నవాడు ఎలాంటి రివెట్‌నైనా బాగుందనే తడతాడని, నేను మూడోసారి తట్టినప్పుడే తన నిర్ణయం అయిపోయిందని చెప్పాడు.

ఆ తర్వాత రివెటర్నయ్యాను, తనిఖీదారునయ్యాను, చివరికి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. భయం మళ్ళీ రాలేదని చెప్పను. వచ్చేది, కాసేపుండి తగ్గేది. నా కింద పనిచేసినవాళ్ళలో ఎవరైనా ఇరుకులో భయమేస్తోందంటే, భయపడవద్దని ఎన్నడూ చెప్పలేదు. తుక్కు తోక దగ్గరికి తీసుకెళ్ళి, భయం తగ్గేదాకా లోపల ఉండమని చెప్పి, నేను బయట కూర్చునేవాణ్ణి.