మా సామాన్లకు మట్టి కోత

అరవైల నాటి ముచ్చట. నిజామాబాద్ కచేరీలో గుమాస్తాగా ఉన్న నన్ను బోధన్‌కు బదిలీ చేశారు. మన సామాను మనమే తరలించుకుంటే, బరువును బట్టి ఆ ఖర్చు సర్కారు తిరిగి ఇస్తుంది. ఎంత దయ! కాకపోతే కాటా చీటీ తేవాలి. మంచాన్నీ ఇసుర్రాయినీ ఎవడు తూస్తాడయ్యా అని నేను మొత్తుకుంటే, అది నీ తిప్పలు అన్నారు.

బండి కిరాయికి నా దగ్గర చిల్లిగవ్వ లేదు. కుట్టుమిషన్ కోసం కూడబెట్టుకున్న పైసలు నా భార్య తీసి ఇచ్చింది. "బిల్లు రాంగనే మిషన్ కొనియ్యాలె. మాట తప్పినవో, సూడు మరి!" అంది. సరే అన్నాను. అనక చస్తానా?

బోధన్ పొలిమేరలో ఒక బెల్లం సేటుకు చెరకు బండ్లు తూచే కాటా ఉండేది. చెరకు నరికే కాలం. బండ్ల వరుసలో మా బండీ నిలబడింది, నెత్తిన పరుపులు పెట్టుకొని. "గిదేం రకం చెరుకు సారూ?" అన్నాడు వెనక బండి రైతు. అందరూ పకపకా నవ్వారు.

నిండు బండి తూచారు. హమ్మయ్య అనుకుంటుండగా, "ఇగ దించుండ్రి," అన్నాడు కాటా గుమాస్తా. ఖాళీ బండిని కూడా తూస్తేనే సామాను బరువు తేలుతుంది. ఇన్నేళ్లు లెక్కలు రాసినవాణ్ణి, నా బుర్రకు ఆ సంగతి తట్టనే లేదు. మంచాలు, డబ్బాలు, చాటలు, నా సంసారమంతా చెరకు ఆకుల మీదికి దిగింది. వెనక రైతులకు ఒళ్లు మండింది. "గీడనే కాపురం పెడ్తవా ఏంది సారూ?" అని అరుపులు.

చివరికి చీటీ చేతికొచ్చింది. చూస్తే తేలిన బరువులోంచి కొంత తీసేసి, 'మట్టి కోత' అని రాసి ఉంది. చెరకు గడలకు మట్టి అంటుకొస్తుందని ప్రతి బండికీ కోస్తారు. అదే చేత్తో మాకూ కోశాడు మహానుభావుడు. పోనీలే అనుకున్నాను నేను. నా భార్య అనుకోలేదు.

"మట్టా? నా సామాన్లనా?" ఇత్తడి బిందె తీసుకెళ్లి అతని ముక్కు ముందు బోర్లించింది. "ఏడున్నదో సూపియ్యి! తళతళ తోమి తెచ్చిన!"

"రివాజు తల్లీ. అందరికీ కోస్తం."

"కోస్తే కోసుకో. నా ఇంట్ల మట్టున్నదని రాస్తే ఊకుంటననుకున్నవా?"

అప్పటిదాకా మమ్మల్ని తిడుతున్న ఆ వెనక రైతు బండి దిగి వచ్చాడు. "అడుగు చెల్లే, గట్టిగ అడుగు! గడలు కడుక్కొచ్చినా మాకు గింతే కోస్తడు." మిగతావాళ్లూ మూగారు. కాటా గుమాస్తా చెమటలు తుడుచుకుంటూ, కోత దగ్గర సున్న పెట్టి వేరే చీటీ రాసిచ్చాడు.

"మరి నాకు?" అన్నాడు ఆ రైతు. వాళ్ల పంచాయతీ తెగకముందే మేం సామాను ఎత్తుకొని బయటపడ్డాం. నా భార్య పరుపుల మీద దొరసానిలా కూర్చుంది.

నెల తిరక్కుండానే బిల్లు వాపసు వచ్చింది. చెరకు పన్ను లెక్కకు ఆ సేటు చీటీలన్నీ మా కచేరీకే వస్తాయి. మట్టి కోత లేని చీటీ అక్కణ్ణుంచి ఒక్కటైనా రాలేదు కాబట్టి, నాది దొంగ చీటీ అని అనుమానం! కోత ఉన్న చీటీ తెచ్చుకో, రేపే పాస్ చేయిస్తా అన్నాడు పెద్ద గుమాస్తా, పాపం మంచితనంతోనే.

భయపడుతూ ఇంటికి పోయి చెప్పాను. నా భార్య పిల్లవాడి అంగీ చేత్తో కుడుతోంది. మిషన్ మాట ఎత్తుతుందనుకున్నాను.

"ఆ ఎనక బండి అన్నకు సున్న రాయలేదా మరి?" అంది.

"లేదు. మనదొక్కటేనట."

సూదిని అంగీకి గుచ్చి పక్కన పెట్టింది. నాకు సిగ్గేసింది, ఎందుకో.

"అయితే మార్చకు," అంది. "ఒక్కటన్న నిజం చీటీ ఉండనియ్యి కచేరిల."