సమానంగా వేసిన మేత

కుదురుగా ఒకచోట కూర్చోవడం నాకు చేతకాదు. బందరులో ఏళ్ల తరబడి చేపలమ్మి, మోకాళ్లు మొరాయించాక మానేసినప్పుడు పొద్దున్నే లేచి ఏం చేయాలో తెలియక పిచ్చెక్కినట్టయింది. అది చూసి మా పెద్దమ్మాయి చల్లపల్లి నుంచి వస్తూ ఆటోలో ఒక మేకపిల్లను తెచ్చింది. గుడివాడ వైపు కొన్న జమునాపారి పిల్ల, పాలు మాని ఎన్నాళ్లో కాలేదు. పొడుగు చెవులు, వాటికంటే పొడుగు కాళ్లు.

"బాగా ఎదిగే జాతంటమ్మా. రెండు నెలల్లో వచ్చి చూస్తాను. పెంచి చూపించాలి మరి," అంది.

ఒంటరిగా ఉంటే అరుస్తోందని పక్కవీధి నుంచి అదే ఈడు నాటు పిల్లను కూడా తెచ్చాను. అది దీని పొట్ట దాకా వచ్చేదంతే.

మా వైపు పడవ ఒడ్డుకు చేరగానే చేపలు కుప్పలు పోసి వాటాలు వేస్తారు. ఒకరు కుప్పలు కనబడకుండా వీపు తిప్పి నిలబడి ఏ కుప్ప ఎవరిదో చెబుతారు. ఒక్క చేప అటూ ఇటూ అయినా ఎవరూ ఊరుకోరు. అది చూస్తూ పెరిగినదాన్ని, పిల్లలు రెంటినీ విడివిడిగా కట్టి, ఒకే డబ్బాతో తవుడూ వేరుశనగ చెక్కా, ఒకే మోపును సగం చేసి పిల్లిపెసర పచ్చిమేతా వేసేదాన్ని. నా న్యాయానికి నేనే మురిసిపోయాను.

ఇక జమునాపారి పిల్లను తూచడం మొదలుపెట్టాను. చేపల కాటాకు బుట్ట తగిలించి పొద్దున ఒకసారి, మనసు ఆగక సాయంత్రం మరోసారి. మా ఆయనకు విసుగొచ్చింది. "తూస్తే బరువు పెరుగుద్దటే? కాసేపు దాన్ని నేల మీద నిలబడనియ్యి!"

నెల తిరిగేసరికి నాటుది గుండ్రంగా తయారైంది. జమునాపారిది పొడుగు సాగుతోంది కానీ డొక్కలు తేలిపోతున్నాయి. కడుపులో పురుగులేమోనని నట్టల మందు తాగించాను. లాభం లేదు. జాతీ లేదు, గీతీ లేదు, అంతా మోసమని అమ్మినవాళ్లను తిట్టాను. అమ్మాయి వచ్చే వారం దగ్గరపడుతున్నకొద్దీ నాకు అన్నం సయించలేదు. ఒకరోజు పొద్దున అది లేవనే లేదు. మెడ పట్టి ఎత్తితే ముందు కాళ్లు మడతపడ్డాయి. చచ్చిపోతుందని భయమేసి, ఒళ్లో వేసుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను.

డాక్టరు గారు అంతా పరీక్షించి, "మేత ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగారు.

"దీనికీ, ఇంట్లో ఉన్న నాటు పిల్లకీ సమానంగా అండీ. గింజ కూడా తేడా రానివ్వను," అన్నాను గర్వంగానే.

"అదేనమ్మా వచ్చిన చిక్కు. చిన్నదాని కడుపు నిండే మేత దీనికి సగానికి కూడా చాలదు. ఇది ఎముక సాగే వయసు. తిన్నదంతా ఎముకకే పోతుంటే కండ ఎక్కడి నుంచి పడుద్ది? అలాగని ఒక్కసారే తవుడు దట్టించకండి, పొట్ట ఉబ్బుద్ది. ముందు ఆకు పెంచండి, దాణా మెల్లమెల్లగా. ఆకు ఎత్తులో కట్టండి, కింద తొక్కింది ఇది ముట్టదు."

తిరుగు దారిలో మేకపిల్ల గురించి కాదు, నా కూతుళ్ల గురించి ఆలోచన పట్టుకుంది. రెండేళ్ల తేడా. పెద్దది పన్నెండేళ్లకే ఎత్తులో నన్ను దాటింది, చిన్నది ఇప్పటికీ నా భుజం దాకానే. ఇద్దరికీ ఒకే గరిటె అన్నం, ఒకే ముక్క చేప. పెద్దది గిన్నె వంక చూస్తే, "కళ్లకే ఆకలి నీకు," అని మూత పెట్టేదాన్ని. పక్షపాతం లేని తల్లినని వీధంతా మెచ్చుకునేది. ఆ మెప్పు గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్లు మండింది.

అవిశ కొమ్మలు కిటికీ ఊచకు కట్టాను. ఒకేసారి డబ్బాలకు డబ్బాలు తవుడు పోసేయాలని చేతులు లాగేవి. వాటిని ఆపుకోవడమే నాకు శిక్ష. ఐదో రోజుకు అది తనంతట తాను లేచి, మెడ చాచి కొమ్మ లాగింది. నేను పెరట్లోనే కూలబడి ఏడ్చాను.

పెద్దమ్మాయి వచ్చింది. "ఏంటమ్మా, ఇంత చిక్కిపోయింది?" అంది. జరిగిందంతా చెప్పి, మొహం చూడకుండా అడిగాను, "చిన్నప్పుడు నీకు ఆకలి వేసేదా?"

అది మేకపిల్ల వీపు నిమిరింది.

"వేసేదమ్మా. నువ్వు బేరానికి వెళ్లాక చెల్లి తన కంచంలోది పెట్టేది. నువ్వు బాధపడతావని ఇద్దరం చెప్పలేదు."

వీధిలో నన్ను అందరూ మెచ్చుకుంటున్న అన్నేళ్లూ, నా ఇంట్లో పెద్దదాని ఆకలి కనిపెట్టింది పదేళ్ల చిన్నది.